కామాకు కాపలా, అబద్ధానికి స్వాగతం

ఒక వ్యాసం ఉంది. పేరు 'ది ఆర్ట్ ఆఫ్ రైటింగ్ ఎ సైంటిఫిక్ ఆర్టికల్'. రచయితలు ముగ్గురు: వాన్ డెర్ గీర్, హన్‌రాడ్స్, లప్టన్. సంవత్సరం 2000, సంపుటం 163, పేజీలు 51 నుంచి 59 దాకా. కామాలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఇనీషియళ్ల వెనక చుక్కలు బుద్ధిగా నిలబడ్డాయి. దాదాపు 400 పరిశోధన పత్రాలు తమ రిఫరెన్సుల్లో దీన్ని చూపించాయి.

లేనిదల్లా ఆ వ్యాసమే.

ఎల్సెవియర్ సంస్థ రచయితలకిచ్చే సూచనల్లో 'రిఫరెన్సు ఇలా రాయండి' అని చూపడానికి కల్పించిన నమూనా అది. అందులో పేర్కొన్న జర్నలూ లేదు. 2017లో హార్జింగ్, క్రూనెన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు సంగతి బయటపెట్టారు. చూపించిన వాటిలో ఎక్కువ భాగం కాన్ఫరెన్స్ పత్రాలు. నమూనాను చెరపడం మరిచినవాళ్లున్నారు, నిజమనుకుని ఎత్తిరాసుకున్నవాళ్లూ ఉన్నారు. రాసినవాడు, సహరచయితలు, ఎడిటరు, రివ్యూయర్లు, ఇంతమంది చేతులు మారినా ఒక్కరూ ఆ వ్యాసం తెరిచి చూద్దామనుకోలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్న మేధావులు వీళ్లు. పైగా తాడు ముడి సరిగ్గా పడిందా లేదా అని తనిఖీ చేసే మేధావులు!

మన యూనివర్సిటీల్లో ఏం జరుగుతోందో చూడండి. పీహెచ్‌డీ థీసిస్ చివరి పేజీల మీద గైడు గారి ఎర్ర పెన్ను దిగుతుంది. జర్నల్ పేరు ఇటాలిక్‌లో లేదు, ఒక సున్నా. సంపుటం నంబరు బోల్డ్‌లో లేదు, ఇంకో సున్నా. పేజీ నంబర్ల మధ్య గీత పొట్టిగా ఉంది, పొడుగు చెయ్యి. నలభయ్యో రిఫరెన్సు తీసేశావు కాబట్టి కింద నంబర్లన్నీ మార్చు. స్కాలరు తలవంచుకుని వెళ్లి తెల్లవార్లూ చుక్కలు దిద్దుకుంటాడు. 'ఈ పత్రం చదివావా? నువ్వు చెప్పేదాన్ని అది బలపరుస్తోందా, అడ్డం తిరుగుతోందా?' అని మాత్రం ఆ గైడు అడగడు. అడిగితే తానూ చదివి ఉండాలి. అసలు భయం అక్కడ.

నేను నోటికొచ్చింది అంటున్నానా? 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే పరిశోధకులు ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర పత్రాన్ని ఉదహరించిన 4,300 చోట్లను పరిశీలించారు. 196 చోట్ల వివరాలు తప్పుగా పడ్డాయి. వాటిలో వేరువేరు తప్పులు 45 మాత్రమే. ఒకే ఒక్క తప్పు పేజీ నంబరు 78 సార్లు అచ్చయింది. అంటే ఏమిటి? అసలు పత్రం ముట్టుకోకుండా ఒకడి జాబితాను ఇంకొకడు దించాడు, తప్పుతో సహా. ఉదహరించేవాళ్లలో అసలు పత్రం చదివేది అయిదోవంతు మందేనని వాళ్లు అంచనా వేశారు. పరీక్ష హాల్లో పిల్లవాడు ఈ పని చేస్తే డిబార్ చేస్తాం. ఇక్కడ ప్రమోషన్ ఇస్తాం.

'ఇదంతా కాగితాల మీది గొడవే, దీనివల్ల ఎవరి ప్రాణాలు పోయాయి?' అనే వాళ్లు కాస్త ఆగి వినండి. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ఉత్తరం వేసింది. మొత్తం అయిదు వాక్యాలు. ఆస్పత్రిలో చేరి, అక్కడే నొప్పికి ఓపియాయిడ్ మందులు తీసుకున్న 11,882 మందిలో వ్యసనానికి లోనైనవాళ్లు నలుగురేనని అందులోని సారాంశం. 2017లో అదే జర్నల్‌లో లెక్క తేలింది: ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉదహరించారు. 439 చోట్ల దాన్ని 'ఈ మందులతో వ్యసనం అరుదు' అనడానికి రుజువుగా వాడుకున్నారు. 491 చోట్ల అది ఆస్పత్రి రోగుల సంగతి అన్న ముక్క కూడా చెప్పలేదు. ఆ ధీమాతో ఇళ్లకు నెలల తరబడి మాత్రలు రాసిచ్చారు. అమెరికాలో లక్షల మందిని బలిగొన్న ఓపియాయిడ్ విపత్తుకు ఊతమిచ్చిన వాటిలో ఆ ఉత్తరం కూడా ఒకటి. ఉత్తరంలో అబద్ధం లేదు. చదవకుండా చూపించిన చేతుల్లో అబద్ధం పుట్టింది. ఆ 608లో ఎన్నిట్లో సెమికోలన్ సరిగ్గా పడిందో నాకు అనవసరం. మీకూ అనవసరం కావాలి.

ఈ చుక్కల గోల ఎక్కడ మొదలైందో కూడా తెలుసుకోండి. 1978లో కొందరు వైద్య పత్రికల ఎడిటర్లు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చున్నది రచయితల బరువు తగ్గించడానికి. ఒకే రాతప్రతిని ఏ పత్రికకైనా పంపుకునేలా ఒకే పద్ధతి ఉండాలనుకున్నారు. ఇవాళ ఆ సాయం ఏమైంది? సాఫ్ట్‌వేర్ల కోసం సైటేషన్ పద్ధతులను భద్రపరిచే సీఎస్‌ఎల్ భాండాగారంలో 10,000కు పైగా శైలులున్నాయి. ఒకే మూసకు పేరు మార్చినవి పక్కన పెట్టినా, మిగిలేవి వేలల్లోనే. ఒక జర్నల్ తిప్పికొడితే ఇంకో జర్నల్ కోసం మళ్లీ మొదటినుంచీ దిద్దాలి. 2019లో ప్లాస్ వన్‌లో వచ్చిన సర్వేలో 41 దేశాల నుంచి 372 మంది చెప్పిన ప్రకారం, ఒక్కో పత్రం ఫార్మాటింగుకే మధ్యగత లెక్కన 14 గంటలు, మనిషికి ఏడాదికి 52 గంటలు పోతున్నాయి. ఇదంతా రిఫరెన్సుల ఖాతాలోదే కాదు, బొమ్మలూ పట్టికలూ ఉన్నాయి. అయినా ఆ గంటలు ఎవరివి? జనం పన్నుల డబ్బుతో చదువుకున్నవాళ్లవి.

ఇంత చేసి, మీరు దిద్దిన ఇటాలిక్కుల గతి ఏమవుతుందో తెలుసా? పత్రం అంగీకరించాక ప్రచురణకర్త రిఫరెన్సులను ముక్కలుగా విడగొట్టి, పేరు, ఏడాది, సంపుటం, పేజీ వేరువేరుగా గుర్తులు పెట్టి ఎక్స్ఎంఎల్‌లోకి మారుస్తాడు. ఆ పని చేసే కంపెనీలు చెన్నైలోనే బోలెడు. తెరమీద కనిపించే రూపాన్ని కంప్యూటర్ అప్పటికప్పుడు తయారుచేస్తుంది. మీరు తెల్లవార్లూ దిద్దిన చుక్క చెత్తబుట్టలో పడుతుంది.

'క్రమశిక్షణ నేర్పడానికే' అంటారు పెద్దలు. ఏ క్రమశిక్షణ? జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు తన సహచరుడు ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. తరాలుగా ఆ పత్రాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. రిఫరెన్సుల్లో ఆయన 'సుబ్బారో, వై'. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుంచించుకుపోయింది. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 'రావ్, సి.ఆర్.' అయ్యారు. చివర ఉన్నదే ఇంటిపేరనుకునే మూసలోకి మనల్ని బలవంతంగా దూర్చారు. ఇవాళ రావులు, రెడ్లు వేలమంది ఒకరి ఖాతాలో ఒకరు కలిసిపోతున్నారు. మనిషి పేరే తప్పుగా పట్టే వ్యవస్థ చుక్క దగ్గర చూపే నిష్ఠకు నేను తలవంచను.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. లేని పత్రాలకు పేర్లు, పేజీలు, పత్రాన్ని ఆన్‌లైన్‌లో గుర్తించే డీఓఐ నంబర్లతో సహా కల్పించి, ఏ శైలి అడిగితే ఆ శైలిలో పోసిస్తుంది. ఒక్క కామా తప్పదు. ఫార్మాటు చూసి మనిషి నికార్సయినవాడని నమ్మే రోజులు చెల్లిపోయాయి. పైన పటారం చూసి మురిసే ఎడిటర్లు ఇక లోన లొటారాన్ని ఆపలేరు.

ఎడిటర్లూ, మొదటిసారి పత్రం పంపేటప్పుడు ఏ రూపంలో ఉన్నా తీసుకోండి. కొన్ని జర్నళ్లు ఇప్పటికే తీసుకుంటున్నాయి, వాటి పరువేం పోలేదు. డీఓఐ అడగండి, అది తెరుచుకుంటుందో లేదో చూడండి. మిగిలిన ఆ కాస్త ఓపికతో పది రిఫరెన్సులు తెరిచి, రచయిత చెప్పింది అందులో ఉందేమో చూడండి.

గైడులారా, వైవాలో ఒక్క ప్రశ్న అడగండి: ఈ పత్రంలో మూడో పట్టిక ఏం చెబుతోంది?

ఇది చదువుతున్న పరిశోధకుడా, పరిశోధకురాలా, మీ ఆఖరి పత్రం తీయండి. మీరు చదవకుండా పెట్టిన రిఫరెన్సులు ఏవో మీకు తెలుసు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. చదవండి. లేదా కొట్టేయండి.