రాయి కన్నార్పింది!

టెక్సాస్ రాష్ట్రంలో పడమటి దిక్కున ఎటు చూసినా ఎండిన గడ్డి, ఇసుక నేల, మధ్య మధ్య నాగజెముడు పొదలు. పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని బయల్దేరిన వాళ్లకి అక్కడ మొదట కనిపించేది... ఏమీ ఉండదు! వెతికేది కాళ్ల దగ్గరే ఉన్నా రాయో మట్టిబెడ్డో అనుకుని దాటిపోతారు. ఆ 'రాయి' కన్నార్పితేగానీ తెలీదు, అది కొమ్ముల తొండ అని.

అరచేతిలో ఇమిడే జీవి. తలచుట్టూ కిరీటంలా కొమ్ములు, ఒంటినిండా ముళ్లు, వీపు మీద నిలువునా తెల్లటి గీత. ఒళ్లు కప్పలా బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు ముద్దుగా 'హార్నీ టోడ్' అంటారు. 1993 నుంచీ టెక్సాస్ రాష్ట్ర సరీసృపం ఇదే.

దీన్ని ఫొటో తీయాలంటే ముందు చీమల్ని వెతకాలి. గింజలు ఏరుకునే హార్వెస్టర్ చీమలంటే దానికి ప్రాణం. ఆ చీమల పుట్ట చుట్టూ గడ్డి లేకుండా నేల బోసిగా ఉంటుంది. ఆ అంచుల్లో ఓపిగ్గా చూస్తే దొరికే అవకాశం ఎక్కువ. కనిపించాక నిలబడి తీస్తే ఫొటోలో మట్టి తప్ప ఏమీ ఉండదు. నేలమీద బోర్లా పడుకుని, కెమెరాని దాని కంటి ఎత్తుకి దించాలి. మన నీడ మాత్రం దానిమీద పడకూడదు. గద్ద వచ్చిందనుకుంటుంది పాపం!

మరీ మీదికి వెళ్తే ఒళ్లు ఉబ్బించి బెదిరిస్తుంది. నక్కో, కొయోటీనో, కుక్కో నోట కరవబోతే ఆఖరి అస్త్రం తీస్తుంది. కంటి అంచు నుంచి కొన్ని అడుగుల దూరం దాకా నెత్తురు చిమ్ముతుంది! ఆ రుచి వాటికి అస్సలు పడదు. ఈ చిత్రాన్ని ఎలాగైనా పట్టాలని తొండని కెలకడం మాత్రం తప్పు. ప్రాణం మీదికొచ్చినప్పటి కోసం దాచుకున్న నెత్తురుని మన ఆల్బమ్ కోసం ఖర్చు చేయించడమే అది.

అసలు కదలకుండా ఉండే గుణమే దాని కొంప ముంచింది. ఒకప్పుడు పిల్లలు జేబుల్లో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. వ్యాపారులు పట్టి అమ్మేవారు. ఇంట్లో దానికి కావల్సినన్ని చీమలు ఎవరు తెచ్చిపెడతారు? చాలావరకు ఆకలితోనే చచ్చిపోయేవి. 1967లో టెక్సాస్ చట్టం చేసి ఈ అమ్మకాల్ని ఆపింది. కానీ ఊళ్లు పెరిగి నేల తగ్గిపోయింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడ్డ ఫైర్ యాంట్స్ అనే చీమలు, పురుగుమందులు కలిసి హార్వెస్టర్ చీమల్ని దెబ్బతీశాయి. 1977లో కొమ్ముల తొండని ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. తూర్పు టెక్సాస్‌లో ఇప్పుడది దాదాపు కనిపించదు. జంతు ప్రదర్శనశాలలు పిల్లల్ని పెంచి మళ్లీ అడవిలో వదులుతున్నాయి.

అందుకే ఇప్పుడక్కడ ముట్టుకోకుండా తీసిన ఫొటోకి విలువ పెరిగింది. ఏ రోజు, ఎక్కడ కనిపించిందో పరిశోధకులకి చెబితే లెక్కకి పనికొస్తుంది. ఆ చోటు నలుగురికీ చాటకపోతే తొండకీ మేలు. తాత జేబులో వేసుకెళ్లినదాన్ని మనవడు కెమెరాలో తీసుకెళ్తున్నాడు. తొండ మాత్రం చీమల పుట్ట దగ్గరే ఉంది. కావల్సింది అదే!