పెంచుకునే చెయ్యి ఏది?

కోనసీమ కొబ్బరి మట్టలకు మసి పూసిన సర్పిలాకార తెల్లదోమ ఇక్కడి పురుగు కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో దొరికిన నమూనాలను చూసి 2004లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. 2009లో అది ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో బయటపడింది. అక్కణ్ణుంచి గోదావరి జిల్లాలకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మొక్కలు లారీలెక్కి రాష్ట్రాలు దాటే రోజులివి, పైగా కడియం నర్సరీలు మనకు పక్కనే. ఆకు అడుగున సుడులు తిరిగినట్టు గుడ్లు పెడుతుంది, రసం పీలుస్తుంది, తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద నల్లబూజు పెరిగి మట్టంతా మసిబారుతుంది. కొబ్బరి కింద వేసిన అరటిని, కోకోను కూడా ఆ మసి వదలదు.

ఇలాంటప్పుడు రైతుకు ముందు తోచేది మందు కొట్టడం. ఈ పురుగు విషయంలో అది చేజేతులా చేసుకునే నష్టం. నువ్వుగింజలో సగం కూడా ఉండని ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక, ఎవరూ తేకుండానే మన తోటల్లోకి వచ్చింది. తెల్లదోమ పిల్లపురుగుల్లో గుడ్డు పెడుతుంది, పుట్టిన పిల్ల వాటిని లోపల్నుంచే తినేస్తుంది. పురుగుమందు కొడితే ఈ బదనికా చస్తుంది. ఈ సంగతి రైతుకు చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి, శత్రువెవరో మిత్రుడెవరో తేల్చి ఉండాలి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఆ పని చేసింది. తెల్లదోమకు జబ్బు తెప్పించే ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంద్రాన్నీ అందించింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఆ శిలీంద్రాన్ని ఇక్కడి తోటల్లో పరీక్షించి, ల్యాబులో పెంచి రైతులకు ఇచ్చింది. కొబ్బరికి పట్టే నల్లతల పురుగు మీదికి బ్రాకన్, గోనియోజస్ బదనికలను పెంచి వదిలిన అనుభవం ఆ ల్యాబుకు ఉంది. కొత్త పురుగు వచ్చాక అక్షరాలు దిద్దుకోవలసిన అవసరం దానికి రాలేదు.

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో జీవశాస్త్ర సామర్థ్యం పెంచాలని అంతర్జాతీయ వేదికల మీద మాట వచ్చినప్పుడల్లా లెక్కలు నిధులు, పరికరాలు, ఒప్పందాల చుట్టూనే తిరుగుతాయి. నా దృష్టిలో అసలు లెక్క వేరు. బయటి నుంచి వచ్చినదాన్ని అందుకుని, పెంచి, పొలం దాకా చేర్చే చెయ్యి మన దగ్గర ఉందా లేదా అన్నదే ఆ లెక్క.

గోదావరికి అవతల, పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు ఆధారమైన కర్రపెండలాన్నే చూడండి. దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికా చేరిన పిండినల్లి 1970లలో అక్కడి పెండలం చేలను ఊడ్చేసింది. పరాగ్వేలో దొరికిన అనగైరస్ లోపెజి అనే బదనికను 1981లో నైజీరియాలో వదిలారు. తర్వాత అది దేశదేశాలకూ పాకి పంటను నిలబెట్టింది. ఆ కృషికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అదే పిండినల్లి 2020లో మన దేశంలో కనిపించినప్పుడు మనం అడిగింది అమెరికాను కాదు, పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం బెనిన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ కేంద్రాన్ని. అక్కణ్ణుంచి చిన్న పెట్టెలో తెచ్చిన బదనికలను బెంగళూరులో క్వారంటైన్‌లో ఉంచి, పెంచి, 2022లో తమిళనాడు చేలలో వదిలారు. సాయం ధనిక దేశాల నుంచే రావాలన్న మన అలవాటు ఆలోచనను ఆ చిన్న పెట్టె కాస్త కదిలించాలి. ఒకటి మాత్రం నిజం: బెంగళూరులో పెంచే గది లేకపోతే ఆ జీవులు పెట్టెలోనే చచ్చేవి.

కోనసీమలోనే దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, మలికిపురం మండలాల చెరువుల్లో ఈదుతున్న వనామీ రొయ్య పసిఫిక్ అవతలి ఒడ్డుది. 1994 తర్వాత తెల్లమచ్చ తెగులు అప్పటిదాకా పెంచుతున్న టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. వ్యాధిరహిత తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానాల్లో చెన్నై నీలాంకరై క్వారంటైన్‌కు చేరి, అక్కణ్ణుంచి హేచరీలకు వెళ్తాయి. ఎగుమతులు పెరిగాయి, కాదనను. కానీ ఇన్నేళ్లయినా జాతిని ఎంచి మెరుగుపరిచే విద్య ప్రధానంగా అమ్మేవాడి దగ్గరే ఉంది. విశాఖ దగ్గర తల్లి రొయ్యలను తయారు చేసే కేంద్రం పెట్టినా, దానికి మూలం కూడా విదేశీ జాతే. మన సొంత తెల్ల రొయ్య మీద చెన్నై ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ పనిచేస్తోంది. ఆ పని పాతికేళ్ల కిందటే మొదలు కావలసింది.

అదే రొయ్యల రంగంలో మంచి ఉదాహరణా ఉంది. 2000లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా), బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఆసియా-పసిఫిక్ ఆక్వా కేంద్రాల సమాఖ్య కలిసి వ్యాధుల మీద పని మొదలుపెట్టాయి. మొగల్తూరు చెరువుల దగ్గర రైతులు సంఘాలుగా కూడి, పీసీఆర్ పరీక్ష చేసిన రొయ్యపిల్లలను (సీడ్‌ను) ఒకేసారి వదలడం నేర్చుకున్నారు. ఆ అనుభవంలోంచే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా (జాతీయ సుస్థిర ఆక్వా సాగు కేంద్రం) అనే సంస్థ పుట్టింది. ఆ సహకారంలో ఖరీదైన యంత్రాలేవీ ముఖ్యం కాలేదు. నేర్పిన పద్ధతి, నేర్చుకున్న మనుషులు మిగిలారు.

అందుకే ప్రభుత్వాన్ని అడగవలసినవి పెద్ద పెద్ద భవనాలు కావు. అంబాజీపేట ల్యాబు లాంటివి అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు రైతు ఉత్పత్తిదారుల సంఘాల చేతుల్లోకీ దిగాలి. ఉడికించిన బియ్యం మీద శిలీంద్రం పెంచడం చదువుకున్న పల్లెటూరి యువతకు అంత కష్టమైన విద్య కాదు, శుభ్రత, తర్ఫీదు ఉంటే చాలు. పురుగును చూసి పేరు చెప్పగల వర్గీకరణ శాస్త్రవేత్తలు తగ్గిపోతున్నారు. విశ్వవిద్యాలయాలు ఆ కొలువులకు ప్రాధాన్యం ఇవ్వాలి. జీవవైవిధ్య చట్టం, నగోయా ఒప్పందం మన జీవ సంపదను కాపాడేందుకే వచ్చాయి. కానీ మిత్రపురుగుల మార్పిడికి త్వరగా అనుమతి దొరికే దారి వేరే ఉండాలి, ఎందుకంటే తెగులు ఫైలు కోసం ఆగదు.

ఈ తెల్లదోమ ఇప్పుడు బంగ్లాదేశ్, శ్రీలంకల్లోనూ కనిపిస్తోంది. 1964 నుంచి నడుస్తున్న భారత సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమం (ఐటెక్) కింద ఎందరో విదేశీయులు మన నగరాలకు వచ్చి కంప్యూటర్లు, పరిపాలన నేర్చుకుని వెళ్తున్నారు. ఒక జట్టు శ్రీలంక కొబ్బరి అధికారులను అంబాజీపేటకు పిలవడానికి అయ్యే ఖర్చెంత?