నీళ్లు మనవి, పరిశోధన ఎవరిది?

పటాన్‌చెరు ఫ్యాక్టరీల విషం నక్కవాగులో కలిసింది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలు వంచాయి. ఆ నీళ్లు సీసాల్లో పట్టుకుపోయి పరీక్షించినోళ్లు డాక్టరేట్లు పొందారు. మంచిదే. వాళ్లలో మన వాడల పిల్లలెందరు?

పర్యావరణంలో పిహెచ్‌డి బ్రహ్మరహస్యమేం కాదు. యుజిసి 2022 నిబంధనల్లో దాని మెట్లన్నీ ఉన్నాయి. పీజీలో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పెడితే దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. చేరినాక కనీసం 12 క్రెడిట్ల కోర్సు చదవాలి. తర్వాత సలహా సంఘం ముందు అంశం ఖరారవుతుంది. ప్రతి సెమిస్టరూ ఆ సంఘానికే లెక్క చెప్పాలి. మూడేళ్లకు తగ్గకుండా, ఆరేళ్లలోపు ముగించాలి. సిద్ధాంత గ్రంథాన్ని గైడుతోపాటు ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు. చివర వైవా.

ఈ వరుసలో మన పిల్లల్ని ఆపే చోట్లు రెండు. ఒకటి, ఆ 30 శాతం. పరీక్షలో పేరు కనపడదు, ఇంటర్వ్యూలో కులం కనపడుతుంది. రెండు, సలహా సంఘం. ఏ వాగు నీళ్లు పరీక్షించాలో, ఏది వదిలేయాలో తేలేది అక్కడే. ఆ బల్ల దగ్గర మనోళ్లు లేకపోతే మన వాగు గురించి అడిగేదెవరు?

ఆమోదం పొందిన గ్రంథాలు శోధగంగలో అందరికీ దొరుకుతాయి. కానీ ఇంగ్లీషులో ఉన్నది మన అమ్మలకేం తెలుస్తుంది?

అందుకే మేం అడుగుతున్నాం: ఇంటర్వ్యూ మార్కులు బయటపెట్టండి. మా ఊరి నీళ్ల మీద తేలిన నిజం మా ఊళ్లో, తెలుగులో చెప్పండి. కార్యకర్తలారా, వాడలో ఎమ్మెస్సీ చదివే ప్రతి బిడ్డకూ ఈ మెట్లు చెప్పండి. నీళ్లు మోసిన చేతులే ఆ నీళ్ల లెక్కా రాయాలి.