ఒక్క బంతి జుల్మ్, ఆరు మ్యాచుల హిసాబ్

2024 జూన్ 11 రాత్రి దోహాలో జరిగింది జుల్మే. అందులో శక్ లేదు. 73వ నిమిషంలో ఖతార్ ఆటగాడు యూసుఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని మన గురుప్రీత్ ఆపాడు. బంతి గోల్ పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. ఇంకో ఆటగాడు దాన్ని కాలితో లోపలికి లాగితే ఐమన్ గోల్‌లోకి నెట్టేశాడు. మన కుర్రాళ్లు ఎంత మొత్తుకున్నా రెఫరీ గోల్ ఇచ్చేశాడు. వీడియో చూసి ఫైసలా మార్చే ఇంతెజామ్ ఆ రౌండులో లేనేలేదు. అప్పటిదాకా ఛాంగ్‌టే గోల్‌తో ముందున్న ఇండియా, చివరికి 2-1తో ఓడింది.

2026 వరల్డ్ కప్ క్వాలిఫైయింగ్ రెండో రౌండులో మన గ్రూపు కథ అలా ఖతం అయింది. ఖతార్‌కు 16 పాయింట్లు, కువైట్‌కు 7, మనకు 5, అఫ్ఘానిస్తాన్‌కు 5. మూడో రౌండుకు పై ఇద్దరే వెళ్తారు. ఆ దర్వాజా ఇండియా ఇంతవరకు ఎన్నడూ దాటలేదు.

అప్పటినుంచి చాయ్ హోటల్లో ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, అందరిదీ ఒకటే షికాయత్: రెఫరీ మన హక్ తినేశాడు! షికాయత్ సచ్చే. కానీ అదొక్కటే పట్టుకుని కూర్చుంటే, సచ్ కూడా బహానా అయిపోతుంది. ఆరు మ్యాచుల హిసాబ్ పూర్తిగా చూడండి, తర్వాత మీరే చెప్పండి.

షురువాత్ బాగానే ఉంది. 2023 నవంబర్ 16న, మన కడప జిల్లా వాళ్లు వేలమంది రోజీ కోసం ఉంటున్న కువైట్‌లో, కువైట్‌నే 1-0తో ఓడించాం. ఇంత మంచి ఆగాజ్ మళ్లీ దొరకదు. భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 3-0తో ఓడాం, సరే, వాళ్లు ఏషియా చాంపియన్లు. అసలు గలతీ ఆ తర్వాతే మొదలైంది.

అఫ్ఘానిస్తాన్ సంగతి చూడండి. సొంత గడ్డ మీద ఒక్క మ్యాచ్ ఆడుకునే నసీబ్ లేని టీమ్ అది. వాళ్ల "హోమ్" మ్యాచులు సౌదీలో జరిగాయి. మొదటి మ్యాచ్‌లో ఖతార్ చేతిలో 8-1తో చిత్తయ్యారు. అలాంటి టీమ్‌తో అభాలో మనం 0-0. ఆ తర్వాత 2024 మార్చి 26న గువాహటిలో, మన జనం మధ్య, ఛెత్రీ పెనాల్టీతో ముందుకెళ్లి, 70వ నిమిషంలో ఒకటి, 88వ నిమిషంలో ఒకటి ఇచ్చేసి 2-1తో ఓడాం. ఆ చివరి ఇరవై నిమిషాలు నిలబడి ఉంటే? మన పాయింట్లు 8 అయ్యేవి, కువైట్ 7 దగ్గరే ఆగేది.

జూన్ 6న కోల్‌కతాలో ఇంకో మౌకా. ఛెత్రీ ఆఖరి మ్యాచ్ అని ముందే ఎలాన్ చేసి దిగాడు, స్టేడియం కిక్కిరిసింది. కువైట్‌తో మళ్లీ 0-0. అది గెలిచినా మనకు 7, కువైట్‌కు 6. ఈ రెండింటిలో ఏ ఒక్కటి గెలిచినా, దోహాలో ఆ రెఫరీ ఏం చేసినా మనకు ఫరక్ పడేది కాదు. మన కిస్మత్ కాగితాన్ని పరాయివాడి చేతిలో పెట్టింది మనమే.

ఆరు మ్యాచుల్లో మూడంటే మూడు గోల్స్. అందులో ఒకటి పెనాల్టీ, కొట్టినవాడి వయసు 39. పెద్ద క్లబ్బులు గోల్ కొట్టే జాగాలో విదేశీ ఆటగాళ్లనే నిలబెడితే మన పిల్లవాడు ఆ హునర్ ఎక్కడ నేర్చుకుంటాడు?

ఆ తర్వాత ఏషియన్ కప్ క్వాలిఫైయర్ వచ్చింది. హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్ ఉన్న గ్రూపు. సింగపూర్ చేతిలో గోవాలో ఓడాం, 2025 నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం. ఈసారి నిందించడానికి దోహా రెఫరీ కూడా లేడు.

ఇదంతా మన హైదరాబాద్ వాళ్లకు ఇంకా ఎక్కువ గుచ్చుకోవాలి. ఒకప్పుడు హిందూస్తాన్ టీమ్‌కు ఉస్తాద్ మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. పేషా చూస్తే స్కూల్ టీచర్. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన తర్బియత్‌లోనే వచ్చాయి. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన ఇంతెకాల్ అయింది 1963లో, అదీ జూన్ 11నే. సరిగ్గా 61 ఏళ్లకు అదే తారీఖున మనవాళ్లు దోహా నుంచి ఖాళీ చేతులతో బయల్దేరారు.

రహీం సాబ్ దగ్గర దౌలత్ లేదు, ఇప్పుడున్న సహూలతుల్లో పావు వంతు కూడా లేవు. ఆయనకు ఉన్నవి రెండే: సాయంత్రం పూట పిల్లలు ఆడుకునే మైదాన్, ఆ పిల్లలను ఓపిగ్గా గమనించే నజర్. ఇవాళ మన ముహల్లాల్లో మైదాన్ ఎక్కడుంది? ఉన్న కాస్త జాగా పార్కింగ్ అయింది, లేదంటే ఫంక్షన్ హాల్ అయింది. ఉన్నచోట కూడా పిల్లలు కనపడరు, ట్యూషన్లో ఉంటారు, లేకపోతే ఫోన్లో. బంతి తంతే టైమ్ బర్బాద్ అని అబ్బాజాన్ గద్దిస్తే, ఆడపిల్ల బూట్లు అడిగితే అమ్మీజాన్ నవ్వేస్తే, పదకొండు మందిని ఏ ఆస్మాన్ నుంచి దింపుతాం?

ఫెడరేషన్‌ను జవాబు అడగాల్సిందే, నేను కాదనను. కానీ కార్పొరేటర్ దగ్గరికి వెళ్లి "మా బస్తీ మైదాన్ మాకివ్వండి" అని అర్జీ పెట్టడానికి ఎవరి ఇజాజత్ కావాలి? రోజుకు గంటసేపు పిల్లలను ఆడుకోనివ్వడానికి ఏ ఫీజు కట్టాలి?

రెఫరీ మీద గుస్సా ఉంచుకోండి, మీ హక్. ఆ గుస్సాలో సగమైనా మీ గల్లీ మైదాన్ కోసం ఖర్చు పెట్టండి.