కుందూలో కలిసేది ఎవరి మురికి? మునిగేది ఎవరి వాడ?

నంద్యాల మీద కురిసిన వాన, నంద్యాల వదిలిన మురుగు మద్దిలేట్లోకి, చామకాలువలోకి, అక్కణ్ణించి కుందూలోకి పోతాయి. కుందూ కోవెలకుంట్ల మీదుగా దిగి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల దాటి, నెల్లూరు అవతల ఊటుకూరు దగ్గర సముద్రం చేరుతుంది. బళ్లో పటం మీద ఈ గీత గీసి చూపిస్తే "సార్, అయితే మన కాలవ నీళ్లు సముద్రానికి పోతాయా?" అన్నాడు ఆరో తరగతి పిల్లోడు. పోతాయి నాయనా. నీకు తెలిసిన ఈ సంగతి ప్లాన్లు పాసు చేసే పెద్దలకే ఎక్కడం లేదు.

2011 లెక్కల్లోనే నంద్యాల జనాభా రెండు లక్షలు దాటింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ఇక చూసుకోండి, చేలన్నీ ప్లాట్లే. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం టౌన్‌షిప్ 50 హెక్టార్లుంటే, అంటే 120 ఎకరాల పైమాట, ముందస్తు అనుమతి కావాలి. పదెకరాల వెంచర్లు పక్కపక్కనే పదమూడు వేస్తే ఎంత? 130 ఎకరాలు. కాయితం మీద మాత్రం ఒక్కటీ పెద్దది కాదు! ఒక్కో వెంచరుకూ ఒక్కో ఫైలు. పదమూడూ కలిసి వంకను ఏం చేస్తాయో అడిగే ఫైలే లేదు. లెక్కల మేష్టరుగా చెబుతున్నా, ఇది కూడిక రాకపోవడం కాదు, కూడకపోవడం.

చేను వానను తాగుతుంది. సిమెంటు తాగదు. అంతా ఒక్కసారే పల్లానికి ఉరుకుతుంది. పల్లాన ఉండేది ఎవరో చెప్పాలా? 2019 సెప్టెంబరు వానలకు కుందూ పొంగింది, మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి. గుడి ఫోటోలు లోకమంతా చూసింది. గుడిసెల్లో తడిసిన బియ్యం, పిల్లల పుస్తకాలు ఎవడు చూశాడు?

వరద తగ్గగానే మొదలయ్యే పాట ఇంకోటుంది: "కాలవ గట్టు మీద ఆక్రమణలు". ఊళ్లో జాగా ఇయ్యనోడే గట్టు మీదికి తోలె. ఇప్పుడు వాడే పర్యావరణం పేరు చెప్పి గుడిసె పీకుతానంటాడు. పై వీధుల మేడల పైపులు ఎక్కడ తేలుతున్నాయో చూడ్డానికి మాత్రం ఎవడూ వంగడు. ఆ పైపు పూడితే మ్యాన్‌హోల్లోకి దిగేది కూడా మనోడే. 2013లో చట్టమొచ్చినా దించడం ఆగలేదు.

నంద్యాల ఒక్కటే కాదు. పెన్న పొడుగునా ప్రొద్దుటూరుంది, కడప బుగ్గవంక ఉంది, చివర నెల్లూరుంది. ఎవరిది వాళ్లు "ఇంతే కదా" అంటారు. మొగ దగ్గర అన్నీ కలుస్తాయి. మంచినీరూ ఉప్పునీరూ కలిసే ఆ చోటే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగే ఉయ్యాల. పైనుంచి మంచినీళ్లు తగ్గితే ఉప్పు లోపలికి ఎక్కుతుంది. మురుగు పెరిగితే నాచు పెరిగి, అది కుళ్లి, నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేప చస్తుంది. ఆ చేప మీద బతికే యానాదులకు మన పట్టణాల ప్లానులో ఒక్క వాక్యమన్నా ఉందా?

"కులం సంగతి వదిలి ఏరు సంగతెందుకు?" అని మనోళ్లే కొందరడుగుతున్నారు. అన్నల్లారా, అక్కల్లారా! 1927లో మహద్‌లో బాబాసాహెబ్ దోసిలి పట్టింది చెరువు దగ్గర కాదా? 1985లో కారంచేడు రగిలింది, మాదిగలు తాగే చెరువులో కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు కాదా? నీళ్లను వదిలిన కులం ఎక్కడుంది?

కాబట్టి అడుగుదాం. ఇంకో వెంచరుకు సంతకం పెట్టే ముందు, నంద్యాల నుంచి మొగ దాకా ఇప్పటికే ఇచ్చిన అనుమతులన్నీ ఒక్క పటం మీద పెట్టండి. ఆళ్లగడ్డ వక్కిలేరునూ అందులో చేర్చండి. శుద్ధి చేయని మురుగు ఎక్కడెక్కడ ఏట్లో పడుతుందో గుర్తు పెట్టండి. గట్టు మీది గుడిసె ముట్టుకునే ముందు మెరక మీద పట్టా ఇయ్యండి. ఆ పటం కలెక్టరాఫీసు గోడకు కాదు, చామకాలువ ఒడ్డున పరిచి, తెలుగులో చదివి వినిపించండి. ప్రశ్నలు మేమడుగుతాం.