శ్రీపాదను చెవులారా చదవాలి

నాన్నగారికి నీటికాసులని తేలేసరికే పక్కచూపు చాలామటుకు పోయింది. ఆయనకి నొప్పి లేదు, కన్ను ఎర్రబడిందీ లేదు. చూపుని అంచుల దగ్గర్నుంచి మెల్లగా కొరుక్కుంటూ వచ్చింది ఆ జబ్బు. పోయిన చూపు మళ్లీ రాదన్నారు. ఒక పంక్తి చివరికంటా చదివాక కింది పంక్తి ఎక్కడ మొదలవుతుందో ఆయనకి దొరికేది కాదు, వేలు ఆనించి వెతుక్కునేవారు. పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు ఊరందరి చేతిరాతలూ చదివిన మనిషి. డెబ్బై ఆరేళ్ల వయసులో ఆ వేళ్లకి బ్రెయిలీ పట్టుబడలేదు. రెండు నెలలు తంటాలు పడి ఆ అట్టలు పక్కన పెట్టేశారు.

అప్పుడు నేను చదివి వినిపించడం మొదలుపెట్టాను. రోజూ కుదరక, తెల్లవారుజామునే ఫోన్లో రికార్డు చేసి పెట్టి బడికి వెళ్లిపోయేదాన్ని. మొదట పట్టుకున్నది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్నగారు వరండాలో ఎదురుచూస్తున్నారు.

“అమ్మాయ్, పాఠం అప్పగిస్తున్నట్టు చదివావేమిటే? ఆ పుస్తకం పేరులోనే మాటల చివర మూడు దీర్ఘాలున్నాయి. ఒక్కటైనా పలికావా?” అన్నారు.

నేను తెలుగు చెప్పి బతికినదాన్ని. ఆ పుస్తకం అంతకుముందే రెండుసార్లు చదివాను. ఆ దీర్ఘాలు నాకు అచ్చులో కనిపించాయి గానీ వినిపించలేదు. శ్రీపాద వారిది పొలమూరు, నాన్నగారి చిన్నతనమూ ఆ చుట్టుపక్కలే. అక్కడివాళ్లు మాట చివర అలా సాగదీశారంటే అందులో ఒకసారి దెప్పు ఉంటుంది, ఒకసారి మురిపెం, ఒకసారి ‘ఇంకా ఉంది, ఆగు’ అన్న హెచ్చరిక. ఆ రాత్రి నాన్నగారు ఒక్కో వాక్యం నా చేత పలికించారు. మొదటి అధ్యాయం మూడుసార్లు చదివితే గానీ ఆయన ఊ కొట్టలేదు. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పాక, ఒక తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో చూపు పోయిన మనిషి దగ్గర నేర్చుకున్నాను.

అందుకే ఆడియో పుస్తకమంటే ‘చదవలేనివాళ్లకి ఏదో ఒకటి’ అని ఎవరైనా తేలిక చేస్తే నాకు బాధగా ఉంటుంది. మన వచనంలో గొప్పదంతా దాదాపు నోటి మీద నడిచిందే. రావిశాస్త్రి విశాఖ వీధుల్లో విన్నది రాశారు. యశోదారెడ్డి పాలమూరు పలుకు రాశారు. నామిని చిత్తూరు పల్లె మాట రాశారు. నామిని కథని నేను మౌనంగా చదివితే నా లోపలి గొంతు దాన్ని గోదావరి యాసలోకి తిప్పేసుకుంటుంది. ఆ సంగతి నాకు తెలియను కూడా తెలియదు. తిరుపతి వైపు మనిషి చదువుతుంటే విన్నప్పుడు గానీ ఆ కథలో తల్లి కొడుకుని తిట్టడం లేదనీ, ముద్దు చేస్తోందనీ నాకు అర్థం కాలేదు.

వినడం చదివినట్టేనా అని తోటి మాస్టార్లు అడుగుతుంటారు. బాలవ్యాకరణం నేను చెవితో నేర్చుకోలేను. సూత్రం దగ్గర ఆగాలి, రెండు పేజీలు వెనక్కి వెళ్లాలి, పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. కథకీ, నాటకానికీ, స్వీయచరిత్రకీ మాత్రం చెవి ఏమాత్రం తక్కువ కాదు. ఉషశ్రీ గారు రేడియోలో రామాయణ భారతాలు చెప్పిన రోజుల్లో మా వీధిలో అక్షరం రాని వాళ్లు కూడా పాత్రల మంచిచెడ్డల గురించి పట్టుదలగా వాదించుకునేవారు. వాళ్లకి ఆ గ్రంథాలు తెలియవని అనగలమా?

చదువులో వెనకబడిన పిల్లల దగ్గర దీని విలువ ఇంకా బాగా తెలిసింది. ఎనిమిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లవాడు ఒకడు నా దగ్గర ఉండేవాడు. అక్షరాలు పోగుచేసుకునే శ్రమలో, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవాడు. ఒక కథ నా గొంతుతో రికార్డు చేసి, పుస్తకం ముందు పెట్టి, వింటూ వేలు నడపమన్నాను. నాలుగో రోజున నేను అడగకుండానే ఆ కథలో ముసలమ్మ ఎందుకు అబద్ధమాడిందో చెప్పాడు. ఏడాదిలో అంతకుముందెప్పుడూ వాడు కథ గురించి మాట్లాడలేదు. అక్షరాలతోనే అలసిపోతున్నాడు గానీ వాడిది మందబుద్ధి కాదు.

రిటైరయ్యాక చూపులేని విద్యార్థులకి పాఠ్యపుస్తకాలు రికార్డు చేస్తున్నాను. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, పక్కింటి కుక్కరు కూతలు అయిపోయాక కూర్చుంటాను. గంట ఆడియో కావాలంటే నాకు మూడు గంటలు పడుతుంది. బీఈడీ చదివే ఒక అమ్మాయి మొదట్లోనే చెప్పింది: “మేడమ్, పట్టిక వచ్చినప్పుడు ఎన్ని వరసలో, ఎన్ని గడులో ముందు చెప్పండి. బొమ్మ ఉంటే అందులో ఏముందో చెప్పండి, బాగుందని చెప్పకండి.” పాఠాలు ఆ అమ్మాయి రెట్టింపు వేగంతో వింటుంది, కథలు మాత్రం మామూలు వేగంతో. ఫోన్లో యంత్రం చదివే గొంతు ఉంది కదా అంటే, పరీక్ష ముందు అది చాలంది. ‘వచ్చావూ’ అన్నది ప్రశ్నో, నిష్ఠూరమో మనిషి గొంతే చెప్పాలంది. నాన్నగారు అన్న దీర్ఘం సంగతే ఇది.

మాట్లాడే పుస్తకాలు పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులను దృష్టిలో పెట్టుకుని 1935లో బ్రిటన్‌లో వీటిని గ్రామఫోను పళ్లేల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. పళ్లెం ఒక్కో వైపు దాదాపు 25 నిమిషాలు. నవల ఒకటి వినాలంటే పది పళ్లేల దాకా మార్చుకోవాలి. మన దగ్గర 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వికలాంగుల కోసం పుస్తకాన్ని వాళ్లకి అందే రూపంలోకి మార్చుకునే వీలు కల్పించారు. ఇదే విషయంపై 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. చట్టం ముందే దారి తీసింది. ఆ దారిన నడవాల్సిన తెలుగు పుస్తకాలే చాలా తక్కువ.

ఆ సవరణ వైకల్యం లేనివాళ్లకి వర్తించదు. పొద్దస్తమానం కుట్టుమిషను మీద ఉండే మా వీధి వసంత్ టైలర్స్ ఆడపిల్లలకీ, రాత్రంతా లారీ నడిపే అబ్బాయికీ పుస్తకం అందాలంటే హక్కులు తీరిపోయిన రచనలే సులువు. రచయిత పోయిన 60 ఏళ్లకి మన చట్టంలో ఆ హక్కు తీరిపోతుంది. గురజాడ, వీరేశలింగం, పానుగంటి, చిలకమర్తి ఎప్పుడో ఆ జాబితాలో చేరారు. 1961లో కన్నుమూసిన శ్రీపాద వారు 2022 జనవరి నుంచి అందరి సొత్తయ్యారు. ‘వడ్లగింజలు’, ‘గులాబీ అత్తరు’ ఎవరైనా చదివి, రికార్డు చేసి, ఉచితంగా పంచవచ్చు. అడిగేవారెవరూ లేరు.

ప్రైవేటు యాప్‌లు చేస్తున్నది మంచి పనే. నెలనెలా డబ్బు కట్టగలిగినవాళ్లు వింటారు. మరి గ్రంథాలయాలు? ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో జిల్లాకో రికార్డింగు గది ఎందుకు పెట్టకూడదు? నాలుగు గోడలకి దళసరి దుప్పట్లు, ఒక మైకు, ఒక కంప్యూటరు, వారానికి రెండు రోజులు వచ్చే కుర్రాడు ఒకడు చాలు. శ్రీకాకుళం కథ శ్రీకాకుళంలోనే చదివించాలి, కడప కథ కడపలో. చదివే గొంతులకి కొదవ లేదు. రిటైరైన పంతుళ్లు, నాటకాలాడినవాళ్లు, హరికథలు చెప్పినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆలస్యమైతే వాళ్లతో పాటు ఆ పలుకుబడీ పోతుంది. నాన్నగారు పలికినట్టు ‘జ్ఞాపకాలూనూ’ అని పలికేవాళ్లు మా వీధిలో ఇప్పుడు ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఎనభై దాటినవాళ్లే.

మా రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో అలాంటి గది ఒకటి ఇస్తే మంగళ, శుక్రవారాలు నేను వచ్చి చదువుతాను. ఆ ఇద్దరినీ ఆటోలో వెంటబెట్టుకుని వస్తాను.