ఎముకకు గరుకు ఎందుకు కావాలి?

పిల్లలూ! హైదరాబాదులో మాదాపూరు దగ్గర హైటెక్ సిటీ ఉన్నది. 1998లో అక్కడ సైబర్ టవర్స్ అనే భవనం ప్రారంభమైంది మొదలు, ఆ రాతిగుట్టల మధ్య మేడలు లేస్తూనే ఉన్నాయి. మేడ కట్టే చోట తాపీ మేస్త్రి చేసే పని ఒకటి మీరు గమనించారా? సెంట్రింగు రేకులు విప్పగానే కాంక్రీటు స్తంభం నున్నగా ఉంటుంది. మేస్త్రి దాని మీద వెంటనే సిమెంటు పూయడు. ముందు దాని ఒళ్ళంతా ఉలితో గాట్లు పెడతాడు. ఎందుకంటే, నున్నటి స్తంభానికి పూత సరిగా పట్టదు. పట్టినా కొన్నాళ్ళకు పెచ్చులూడిపోతుంది.

ఇటువంటి చిక్కే వైద్యులకూ ఉన్నది. అవ్వకు తుంటికీలు అరిగిపోతే, దాన్ని తీసేసి లోహపు కీలు అమరుస్తారు. ఆ కీలుకు ఉండే కాడను తొడ ఎముకలోకి దింపుతారు. కొన్ని రకాల కాడలను ఒక విధమైన సిమెంటుతో అతికిస్తారు. మరికొన్నిటిని ఎముకే పట్టుకోవాలి. ఎముక గట్టిగా పట్టుకుంటే అవ్వ మళ్ళీ హాయిగా నడుస్తుంది. పట్టుకోకపోతే కీలు వదులవుతుంది, అడుగు వేస్తే నొప్పి పుడుతుంది. మళ్ళీ శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది.

ఎముక లోహాన్ని పట్టుకోవడమేమిటి అంటారా? 1952లో స్వీడన్ దేశంలో బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు, ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని, కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు! ఎముక దాన్ని పట్టుకుని పెరిగింది. 1965లో ఆయన ఒక రోగి దవడలో టైటానియం మరలు బిగించి, వాటి మీద పళ్ళు నిలబెట్టాడు.

ఈ టైటానియం మనకు దూరపు చుట్టం కాదు. భీమునిపట్నం తీరాన ఇసుకలో ఇల్మనైట్ అనే నల్లటి ఖనిజం ఉన్నది. టైటానియం దొరికేది అటువంటి ఖనిజం నుంచే. హైదరాబాదులోనే, కంచన్‌బాగ్ దగ్గర, 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమం టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తున్నది. శరీరంలో అమర్చే పరికరాలు కూడా అక్కడ తయారవుతున్నాయి.

ఐతే సిమెంటుకు ప్రాణం లేదు. ఎముకను కట్టే కణాలకు ప్రాణం ఉన్నది. ఒక్కొక్క కణం మిల్లీమీటరులో సుమారు 40వ వంతు ఉంటుంది. లోహం శరీరంలోకి వెళ్ళగానే, రక్తంలోని మాంసకృత్తులు దానికి అంటుకుంటాయి. తరువాత కణాలు వచ్చి, ఆ మాంసకృత్తులను చిన్న చిన్న చేతులవంటి వాటితో పట్టుకుని, కింద నేల ఎలా ఉన్నదో తడిమి చూస్తాయి.

ఇక్కడొక చమత్కారం ఉన్నది. నున్నటి టైటానియం మీద ఈ కణాలు చాపలాగా పరుచుకుని, తమ సంఖ్య పెంచుకుంటూ పోతాయి. సన్నటి గరుకు ఉన్నచోట సంఖ్య అంతగా పెరగదు గాని, కణాలు ముదిరి ఎముకను కట్టే పనిలోకి దిగుతాయి. సంతలో జనం పోగయినంత మాత్రాన ఇల్లు లేస్తుందా? పనిలోకి దిగేవాళ్ళు కావాలి కదా! అందుచేత లోహం మీద సన్నటి రేణువులను వేగంగా కొట్టించి, ఆమ్లంలో ముంచి, మిల్లీమీటరులో వెయ్యో వంతు, రెండు వంతుల ఎత్తుపల్లాలు కల్పిస్తారు. అవి మన వేలికి సరిగా తెలియవు, కణానికి బాగా తెలుస్తాయి.

గరుకు ఒక్కటే చాలదు. పైపొర ఏ పదార్థమో కూడా ముఖ్యమే. గాలి తగలగానే టైటానియం మీద ప్రాణవాయువుతో కలిసిన పలుచని పొర ఏర్పడుతుంది. దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతుకన్న తక్కువ. నిజానికి ఎముకకు ఎదురయ్యేది లోహం కాదు, ఈ పొరే. ఒక్కొక్కప్పుడు కాల్షియం, భాస్వరం ఉన్న పదార్థాన్ని కూడా పైన పూస్తారు. ఎముకలోని ఖనిజం అటువంటిదే గనక, కణాలకు అది సొంత ఇల్లులాగా ఉంటుంది.

మరి కీలంతా గరుకుగా చేస్తే సరిపోదా? పోదు! గిన్నెలో తిరిగే గుండు అద్దంలాగా నున్నగా ఉండాలి, లేకపోతే అరిగిపోతుంది. ఒకే కీలులో ఎముకను ఆనుకునే చోట గరుకు, కదిలే చోట నునుపు.

ఇంట్లో ఇది చేసి చూడండి. రెండు గాజు పళ్ళాలు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఒకదానికి కాస్త కొబ్బరినూనె రాయండి. రెండింటి మీదా ఒక్కొక్క నీటిచుక్క వేయండి. శుభ్రమైన గాజు మీద చుక్క పరుచుకుంటుంది. నూనె మీద ముత్యంలాగా నిలుస్తుంది. గాజు ఒకటే, నీరూ ఒకటే, పైపొర మాత్రమే వేరు! నీరు బాగా పరుచుకునే టైటానియాన్ని ఎముక కూడా త్వరగా పట్టుకుంటుంది.